భర్త అసైలం మీద అమెరికా వచ్చాం: మాకు గ్రీన్ కార్డ్ ఎప్పుడు? మధ్యలో అమ్మాయి పెళ్లి

కృష్ణలంక (2026 జనవరి)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా వారు 2017లో అసైలం (శరణు) అప్లై చేస్తే 2019లో ఇమిగ్రేషన్ జడ్జి ఇచ్చారు. కేసు దేని మీద అన్నది ఇక్కడ రాయను, దయచేసి అడగొద్దు. 2020లో నన్నూ అమ్మాయినీ రప్పించుకోవడానికి ఐ-730 పిటిషన్ వేశారు. కోవిడ్ అని కొన్నాళ్లు, పేపర్లని కొన్నాళ్లు సాగి సాగి 2025 మేలో మేమిద్దరం న్యూజెర్సీ చేరాం. మా ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) మీద అసైలీ, అంటే అసైలం పొందినవాళ్లు, అనే ఉంది. మా వారికి గ్రీన్ కార్డ్ 2021 జూన్‌లోనే వచ్చింది.

నా ప్రశ్నలు:

మా ఇద్దరికీ గ్రీన్ కార్డ్ వేయాలంటే ఏడాది నిండేదాకా ఆగాలా? ఫీజు మనిషికి 1,440 డాలర్లు అంటున్నారు, నిజమేనా? అసైలం వాళ్లకి ఫీజు లేదని విన్నానే.

అమ్మాయికి 24 ఏళ్లు. తెనాలి వాళ్ల సంబంధం కుదిరింది, అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. వైశాఖం దాటితే అధిక జ్యేష్ఠం వస్తుందని, ఈలోపే కానిచ్చేద్దామని వాళ్ల తొందర. పెళ్లయితే అబ్బాయిని కూడా అమ్మాయి గ్రీన్ కార్డ్‌లోనే కలిపేయొచ్చని తెలిసినవాళ్లు ఒకరు చెప్పారు. నిజమేనా? అమ్మాయి ఇండియన్ పాస్‌పోర్టు కూడా ఈ ఏడాది అయిపోతుంది, రెన్యువల్ చేయించాలా?

మా వారి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ వచ్చే నెలే. ఆయన సిటిజన్ అయితే మా పని ఇంకా సులువవుతుంది కదా అని ధైర్యంగా ఉన్నాం.

ఫైలుపురుగు

కృష్ణలంక గారూ, నేను లాయర్ని కాదు. డాలస్‌లో ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర ఫైళ్లు చూస్తుంటాను. మీరు అడిగినవన్నీ తర్వాత చూద్దాం. మీరు అడగకుండా చివర్లో చెప్పిన మాట ఉంది చూశారా, ఆ సిటిజన్‌షిప్ సంగతి, అసలు సమస్య అదే. ఇవాళే లాయరుకి ఫోన్ చేయండి.

ఎందుకో చెబుతాను. మీకూ అమ్మాయికీ సొంతంగా అసైలం లేదు. మీరు ఆయన భార్య కాబట్టి, ఆమె ఆయన కూతురు కాబట్టి వచ్చిన హోదా అది. గ్రీన్ కార్డ్ ఇచ్చే రోజున కూడా ఆ బంధం అలాగే ఉండాలి, అంటే మీరు 'ఒక శరణార్థికి భార్య', ఆమె 'ఒక శరణార్థికి బిడ్డ' అయి ఉండాలి. ఆయన గ్రీన్ కార్డ్ హోల్డర్‌గా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఆయన అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసిన క్షణం నుంచి చట్టం దృష్టిలో శరణార్థి కాదు. శరణార్థే లేనప్పుడు శరణార్థి బిడ్డ అనే దారీ ఉండదు. మీ ఐ-485 (గ్రీన్ కార్డ్ అప్లికేషన్) అప్పటికి పెండింగ్‌లో ఉన్నా సరే, ఆ ఆధారం మీద అప్రూవ్ చేయలేరు.

లెక్కలోకి వచ్చేది ఇంటర్వ్యూ కాదు, ఓత్, అంటే ఆ ప్రమాణం. కానీ కొన్ని ఆఫీసుల్లో ఇంటర్వ్యూ పాసైన రోజే ఓత్ కూడా పెట్టేస్తారు. 'ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాక ఆలోచిద్దాం' అనుకోవద్దు.

ఫ్రీమాంట్ అత్తయ్య

ఇదేం విడ్డూరం బాబూ! మా అక్కయ్య కొడుకు సిటిజన్ అయ్యాకే పెళ్లాన్ని గబగబా తెచ్చుకున్నాడు. గ్రీన్ కార్డ్ మీదైతే ఇంకా ఆలస్యం అయ్యేదన్నారు. సిటిజన్ అయితే మంచిదే గానీ చెడ్డెలా అవుతుంది?

ఫైలుపురుగు

అత్తయ్య గారూ, మీరు చెప్పింది ఫ్యామిలీ పిటిషన్ దారి, ఐ-130. అందులో సిటిజన్ భార్యకి క్యూ ఉండదు, గ్రీన్ కార్డ్ వాళ్ల భార్యకి ఉంటుంది. అందుకే మనవాళ్లందరికీ 'ముందు సిటిజన్‌షిప్ తెచ్చుకో' అనే మాట నోట్లో నానిపోయింది. అసైలంలో అదే మాట కొంప ముంచుతుంది.

కృష్ణలంక గారి వరకైతే, ఆయన సిటిజన్ అయినా భార్యగా ఐ-130 దారి ఒకటి ఉంది, లాయరు ఏదో ఒకటి చూస్తారు. అమ్మాయి పరిస్థితి వేరు. ఆమెకి 24. సిటిజన్‌కి 21 దాటిన పెళ్లికాని కూతురు అంటే ఎఫ్1 కేటగిరీ. ఏళ్ల తరబడి నిరీక్షణ. ఇప్పుడు చేతిలో క్యూ లేని దారి ఉంది, దాన్ని వదులుకుని వెళ్లి క్యూలో నిలబడినట్టవుతుంది.

24 ఏళ్ల మనిషి 'చైల్డ్' ఎలా అయింది అని అడుగుతారేమో. 2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం తండ్రి ఐ-589 (అసైలం అప్లికేషన్) వేసిన రోజు బిడ్డ వయసు ఎంతో అక్కడే ఆగిపోతుంది. 2017లో ఈ అమ్మాయికి పదిహేనో పదహారో. కాబట్టి ఈ కేసు వరకు ఆమె ఇంకా అంతే.

కృష్ణలంక

చదువుతుంటే చేతులు వణుకుతున్నాయండీ. ఈ మాట మాకు ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. సిటిజన్‌షిప్ అప్లికేషన్ మా వారే ఆన్‌లైన్‌లో సొంతంగా వేశారు, లాయర్ని పెట్టుకోలేదు. ఇప్పుడేం చేయాలి? ఇంటర్వ్యూకి వెళ్లకపోతే కేసు కొట్టేస్తారా? కట్టిన డబ్బు పోతుందా?

ఫైలుపురుగు

చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు. రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, నోటీసులో చెప్పిన పద్ధతిలో ఇంటర్వ్యూ వాయిదా అడగడం. దీంతో కొంత టైం దొరుకుతుంది, కానీ ఎంత దొరుకుతుందో మన చేతిలో ఉండదు. మీ ఇద్దరి గ్రీన్ కార్డ్‌లు అప్రూవ్ అయ్యేదాకా వాయిదాల మీద వాయిదాలు అడుగుతూ పోలేం. రెండోది, ఎన్-400ని (సిటిజన్‌షిప్ అప్లికేషన్) రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవడం. ఆన్‌లైన్ ఫీజు 710 డాలర్లు తిరిగిరాదు. తర్వాత మళ్లీ మొదటి నుంచి వేసుకోవచ్చు, అర్హత ఎక్కడికీ పోదు.

నన్నడిగితే రెండోదే. 710 పోతే పోయింది. ఏది చేసినా లాయరు చేత ఉత్తరం రాయించండి.

క్యూ2014

నాదో చిన్న సందేహం, కోపం అనుకున్నా ఫర్వాలేదు. నాది ఉద్యోగం మీద గ్రీన్ కార్డ్, ఈబీ2 కేటగిరీ, క్యూలో నా తేదీ (ప్రయారిటీ డేట్) 2014. పన్నులు కడుతూ, లేఆఫ్ అన్న మాట వినపడితే నిద్ర లేకుండా బతుకుతున్నా. వీళ్లకేమో ఏడాది ఉంటే చాలు, నెలనెలా వీసా బులెటిన్‌లో వంతు చూసుకునే పని లేదు, దేశం కోటా లేదు. ఇదెక్కడి న్యాయం? ఈ మధ్య ఒక కన్సల్టెన్సీ వాడు ఫోన్ చేసి 'మీరూ అసైలం వేసేయండి, స్టోరీ మేం రాసిపెడతాం' అన్నాడు. అందరూ వేస్తున్నారట.

నిర్వాహకులు

క్యూ2014 గారూ, మీ బాధ ఇక్కడ సగం మందిది. కానీ ప్రశ్న అడిగినావిడ మీ క్యూలో మీ ముందుకు దూరలేదు, అది వేరే క్యూ. ఆ కోపం ఈ థ్రెడ్‌లో వద్దు. ఆ కన్సల్టెన్సీ పేరు, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టకండి, ప్రచారం చేసినట్టే అవుతుంది.

ఫైలుపురుగు

క్యూ2014 అన్నా, రెండు మాటలు.

అసైలీలకి కోటా ఎప్పుడూ లేదని కాదు. ఒకప్పుడు ఏడాదికి పది వేల మంది అసైలీలకే గ్రీన్ కార్డ్ ఇవ్వాలని పరిమితి ఉండేది. అప్పట్లో వాళ్లూ ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. 2005లో రియల్ ఐడీ చట్టంతో ఆ పరిమితి ఎత్తేశారు. మీ ఈబీ కోటా కూడా చట్టసభ ఎత్తేయగలదు, ఎత్తడం లేదు. కోపం అటు చూపించండి, నేనూ మీతో వస్తా.

ఇక 'స్టోరీ మేం రాస్తాం' అన్నవాడి సంగతి. అసైలం అంటే జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం, ఈ ఐదింట్లో ఒక కారణంగా హింసకు గురయ్యారని లేదా గురవుతామనే భయం ఉందని నిరూపించాలి. క్యూ పొడుగ్గా ఉండటం ఆరో కారణం కాదు. కావాలని కట్టుకథ వేశారని తేలితే దానికి ఫ్రివలస్ అని ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడితే ఇమిగ్రేషన్ చట్టం కింద ఏ ప్రయోజనానికీ జీవితాంతం అర్హత ఉండదు. మీ 2014 డేటు కూడా దాంతోపాటే పోతుంది. అంతేకాదు, 2025 జులైలో వచ్చిన చట్టంతో అసైలం అప్లికేషన్‌కి వంద డాలర్ల ఫీజు, పెండింగ్‌లో ఉన్న ప్రతి ఏడాదికీ ఇంకో వంద పెట్టారు. 2025 డిసెంబరులో యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ శాఖ) అసలు అసైలం నిర్ణయాలే ఆపేసింది. ఆ ఫోన్ చేసినవాడికి ఇవన్నీ తెలుసు. వాడికి కావాల్సింది మీ అడ్వాన్సు.

నిజంగా భయం ఉన్నవాళ్లకి ఒక మాట: అమెరికా వచ్చిన ఏడాదిలోపు ఐ-589 వేయాలి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా), హెచ్-1బీ లాంటి చెల్లుబాటయ్యే హోదాలో ఉన్నవాళ్లకి ఆ గడువులో మినహాయింపు అడిగే వీలుంది. అది లాయరుతో మాట్లాడుకోవాల్సిన విషయం, కన్సల్టెన్సీతో కాదు.

మిల్వాకీ భాయ్

సలాం, నమస్తే. నాది చాంద్రాయణగుట్ట. ఇక్కడ శరణార్థి కుటుంబాలకి సాయం చేసే ఒక సంస్థలో కేస్‌వర్కర్‌ని. మిల్వాకీలో రోహింగ్యాలు చాలామంది ఉన్నారు. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లూ కొందరు తగిలారు నాకు. ఒకాయన మొదటి రోజే నాతో 'అన్నా, చాయ్ తాగుదమా' అన్నాడు. ఆఫీసులో అందరూ నోరు తెరిచి చూశారు.

ఇక్కడ అందరూ అసైలీ, రెఫ్యూజీ రెండూ ఒకటే అన్నట్టు రాస్తున్నారు. రెఫ్యూజీ బయటి దేశంలోనే ఆమోదం పొంది వస్తాడు, అసైలీ ఇక్కడికి వచ్చాక అడుగుతాడు. గ్రీన్ కార్డ్ దగ్గర తేడా పెద్దదే. రెఫ్యూజీ ఏడాది నిండాక ఐ-485 వేయాల్సిందే, అది తప్పనిసరి. ఫీజు సున్నా. అసైలీ వేసుకోవచ్చు అంటారు గానీ వేయాలి అనరు, ఫీజు మాత్రం ఉంది. అక్కకి ఫీజు లేదని చెప్పినవాళ్లు ఈ రెంటినీ కలిపేసినట్టున్నారు. ఆదాయం తక్కువైతే ఐ-912తో ఫీజు మాఫీ అడగొచ్చు.

కార్డు మీద తేదీ కూడా వేరు. రెఫ్యూజీకి దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే పర్మనెంట్ రెసిడెంట్ అని లెక్క. కార్డు ఆలస్యంగా వచ్చినా వచ్చిన రోజు నుంచి ఐదేళ్లకి సిటిజన్‌షిప్. అసైలీకి అప్రూవ్ అయిన రోజు నుంచి ఒక్క ఏడాది మాత్రమే వెనక్కి వేస్తారు. అంటే కార్డు వచ్చాక నాలుగేళ్లు. అక్క వాళ్లాయనకి 2021 జూన్ అన్నారు కదా, కార్డు చూడండి, 2020 జూన్ అని ఉంటుంది.

ఇప్పుడు మా దగ్గర గడ్డుకాలం నడుస్తోంది. 2021 జనవరి 20 నుంచి 2025 ఫిబ్రవరి 20 మధ్య వచ్చిన రెఫ్యూజీల ఫైళ్లన్నీ మళ్లీ తిరగేయాలని, వాళ్ల గ్రీన్ కార్డ్‌లు ఆపాలని 2025 నవంబరులో ఆదేశం వచ్చింది. దానికి తోడు బర్మా ప్రయాణ నిషేధం పడిన ఆ పందొమ్మిది దేశాల జాబితాలో ఉంది. బాలాపూర్ నుంచి వచ్చినా పుట్టింది బర్మాలో కదా, వాళ్ల ఫైలు కదలదు. పౌరసత్వమే ఇవ్వని దేశం పేరు మీద ఇక్కడ ఆపేస్తున్నారు. రోజూ ఎవరో ఒకరు వచ్చి 'నా కార్డ్ ఏమైంది' అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు.

కృష్ణలంక

మిల్వాకీ భాయ్ గారూ, ధన్యవాదాలు. ఆ జాబితాలో ఇండియా ఉందా?

మిల్వాకీ భాయ్

లేదక్కా. పందొమ్మిదిలో లేదు, డిసెంబరులో పెంచిన దాంట్లోనూ లేదు. మీరు వేసుకోవచ్చు.

ఫైలుపురుగు

ఇక కృష్ణలంక గారి మిగతా ప్రశ్నలు.

ఏడాది లెక్క: మీ ఇద్దరికీ ఆ ఏడాది మొదలయ్యేది మీరు అసైలీగా లోపలికి వచ్చిన 2025 మే నుంచి, ఆయన తేదీ నుంచి కాదు. మధ్యలో దేశం బయట గడిపిన రోజులు తీసేస్తారు. 2023 ఫిబ్రవరిలో యూఎస్‌సీఐఎస్ పాలసీ మార్చింది. ఏడాది నిండి ఉండాల్సింది అప్లికేషన్ వేసే రోజుకి కాదు, నిర్ణయం తీసుకునే రోజుకి. కాబట్టి ఇప్పుడే వేయొచ్చు. మామూలుగా మేం ఏడాది నిండాకే వేయిస్తాం, అనవసరంగా 'ఇంకా ఆధారాలు పంపండి' అనే ఆర్‌ఎఫ్‌ఈ రాకుండా. మీ విషయంలో ఆయన సిటిజన్‌షిప్ ఆగి ఉంటుంది కాబట్టి కాగితాలు సిద్ధం కాగానే వేసేయడమే నాకు మేలనిపిస్తోంది. ఎంత ముందు వరసలో పడితే అంత ముందు ఆయనా కదలొచ్చు.

డబ్బు: మీ ఇద్దరికీ కలిపి 2,880. పేపరు చెక్కు పంపకండి, 2025 అక్టోబరు చివరి నుంచి తీసుకోవడం లేదు. కార్డుకైతే జీ-1450, బ్యాంకు ఖాతా నుంచైతే జీ-1650 ఫారం జతచేయాలి.

మెడికల్: 2024 డిసెంబరు నుంచి ఐ-693ని (వైద్య పరీక్ష ఫారం) ఐ-485తో పాటే పంపాలి, లేకపోతే ప్యాకెట్ తిప్పి పంపేస్తారు. మీకు వీసా టైంలో వైద్య పరీక్ష అయింది కాబట్టి గడువులో వేసేవాళ్లకి టీకాల భాగంతో సరిపోయే వెసులుబాటు ఉంది. ఫారం సూచనల్లో ఆ పేరా ప్రింటు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, కొందరు అందరికీ పూర్తి పరీక్ష చేసేస్తారు. డాక్టరు కూడా మామూలు డాక్టరు కాదు, ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన సివిల్ సర్జన్ జాబితాలో ఉన్నవాళ్లే. కవరు సీల్ మీరు తెరవొద్దు.

లాబ్‌కోటు

మెడికల్ గురించి ఒక్క ముక్క. పూర్తి పరీక్ష చేయించుకునే మనవాళ్లందరికీ టీబీ దగ్గర టెన్షన్. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నాం కాబట్టి పాజిటివ్ వస్తుందని భయపడతారు. అది పాత చర్మం పరీక్ష సంగతి. ఇప్పుడు చేసేది రక్తంతో ఐజీఆర్ఏ పరీక్ష, దానికి బీసీజీతో సంబంధం లేదు. అయినా పాజిటివ్ వస్తే ఒంట్లో నిద్రాణంగా బ్యాక్టీరియా ఉండొచ్చని అర్థం, మన దేశంలో పెరిగినవాళ్లలో అది మామూలే. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అది శుభ్రంగా ఉంటే గ్రీన్ కార్డ్‌కి అడ్డు కాదు. కోవిడ్ టీకా 2025 జనవరి నుంచి అడగడం లేదు.

ఫ్రీమాంట్ అత్తయ్య

అన్నీ చెప్పారు, పెళ్లి మాట ఎత్తరేం? తెనాలి వాళ్లు ఆగుతారా ఊరికే? నా మాట విని గుళ్లో తాళి కట్టించేయండి. రిజిస్ట్రేషన్ తర్వాత చేసుకోవచ్చు. రిజిస్టర్ కాని పెళ్లి అమెరికా వాళ్లకెలా తెలుస్తుంది?

ఫైలుపురుగు

అత్తయ్య గారూ, మీకు చేతులెత్తి దండం. ఆ సలహా మాత్రం వద్దు.

'చైల్డ్' అనే మాటకి చట్టంలో రెండు షరతులు. 21 లోపు ఉండాలి, పెళ్లి కాకుండా ఉండాలి. 2002 చట్టం మొదటిదాన్ని మాత్రమే ఆపింది. వయసు గడ్డకట్టింది గానీ పెళ్లి గడ్డకట్టదు. గ్రీన్ కార్డ్ అప్రూవ్ అయ్యేలోపు మెడలో తాళి పడితే ఆమె 'బిడ్డ' కాదు, దారి మూసుకుపోతుంది.

రిజిస్ట్రేషన్ లేకపోతే పెళ్లి కాదు అనేది మనవాళ్లలో పెద్ద అపోహ. హిందూ వివాహ చట్టం 1955 ప్రకారం ఆచారం ప్రకారం జరిగితే చాలు, సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టే. రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం మాత్రమే. ఎక్కడ జరిగిన పెళ్లి అక్కడ చెల్లితే అమెరికా ఇమిగ్రేషన్‌లోనూ అది పెళ్లే. ఇక ఐ-485లో 'అవివాహిత' అని రాసి సంతకం పెట్టడం అంటే పెళ్లి దాచడం మాత్రమే కాదు, ప్రమాణం చేసి అబద్ధం ఆడటం. రేపు ఆ అబ్బాయికే ఐ-130 వేసేటప్పుడు పెళ్లి ఫొటోలు, శుభలేఖ పెట్టాలి కదా, మీ చేత్తో మీరే సాక్ష్యం ఇచ్చినట్టు.

అబ్బాయిని ఇదే గ్రీన్ కార్డ్‌లో కలపడం కుదరదు. తండ్రి పేరు మీద వచ్చిన కూతురు మళ్లీ తన పేరు మీద ఇంకొకరిని తెచ్చుకోలేదు. ఆమెకి కార్డు వచ్చాక పెళ్లి చేసుకుని ఎఫ్2ఏ (గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ల భర్త లేదా భార్య కేటగిరీ) కింద ఐ-130 వేయాలి. లేదా కార్డు వచ్చిన నాలుగేళ్లకి సిటిజన్ అయితే క్యూ లేకుండా. తెనాలి వాళ్లకి ఇది ఇప్పుడే నిజాయితీగా చెప్పేయడం మంచిది. 'పెళ్లయిన ఆరు నెలల్లో అమెరికా' అని మధ్యవర్తి చెప్పి ఉంటాడు, అది జరగదు.

పాతగుంటూరు

మా కుటుంబంలో ఇలాంటిదే జరిగింది. మా బావ సిటిజన్ అయిపోయాడు, అప్పటికి మేనల్లుడి 485 పెండింగ్. తర్వాత లాయరు 'నంక్ ప్రో టంక్' అని ఏదో వేయించాడు. అది వేస్తే సరిపోతుంది కదా, ఇంత కంగారెందుకు?

ఫైలుపురుగు

పాతగుంటూరు గారూ, ఆ దారి ఉంది నిజమే. బంధం తెగిపోయిన భార్యో బిడ్డో తన పేరు మీద సొంతంగా ఐ-589 వేసి, పాత తేదీ నుంచే అసైలం ఇచ్చినట్టు లెక్కించమని అడగడం అది. విడాకులైన వాళ్లకి, పెళ్లయిపోయిన పిల్లలకి కూడా ఇదే. కానీ అది అధికారి విచక్షణ మీద నడిచేది. అసైలం నిర్ణయాలు మొత్తం ఆగి ఉన్న ఈ రోజుల్లో ఏరికోరి ఆ దారిలోకి ఎవరూ వెళ్లకూడదు. మీ మేనల్లుడికి వేరే మార్గం లేక వేశారు. ఈ అమ్మాయికి ఉంది.

కృష్ణలంక

నిన్న రాత్రి మా వారితో కూర్చుని ఈ థ్రెడ్ మొత్తం చదివించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆయన సిటిజన్‌షిప్ కోసం ఎదురుచూసింది మా అత్తయ్య (ఆయన అమ్మ) కోసమండీ. విజయవాడలో ఒక్కరే ఉన్నారు, నడవలేరు. అమెరికా నీలం పాస్‌పోర్టు వస్తే ధైర్యంగా వెళ్లి చూసొస్తానని 2019 నుంచి అంటున్నారు. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకో అంటే... పోనీ గ్రీన్ కార్డ్ మీద ఇండియన్ పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని వెళ్లి రావచ్చా?

ఫైలుపురుగు

ఇది రాయడం కష్టంగా ఉంది. వద్దు.

'నా దేశం నన్ను కాపాడదు' అన్నది ఆయన కేసుకి పునాది. ఆ దేశం పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవడం, ఆ దేశానికి వెళ్లి రావడం రెండూ 'ఇప్పుడు భయం లేదన్నమాట, అసలు అప్పుడైనా ఉందా' అనే ప్రశ్నకి తావిస్తాయి. గ్రీన్ కార్డ్ చేతిలో ఉన్నా ఆ ప్రశ్న పోదు. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులోనో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలోనో అడుగుతారు. ఆయన అసైలం కదిలితే మీ ఇద్దరిదీ కదులుతుంది. అమ్మాయి పాస్‌పోర్టు రెన్యువల్ కూడా లాయర్ని అడక్కుండా చేయకండి. ఉద్యోగానికి దాని అవసరం లేదు. ఐ-94, షరతుల్లేని సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు చాలు. ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉంటే మంచిదే, కానీ 2025 డిసెంబరు నుంచి కొత్తవి పద్దెనిమిది నెలలకే ఇస్తున్నారు, ఆ తేదీ చూసుకోండి.

ప్రయాణానికి పాస్‌పోర్టు బదులు రెఫ్యూజీ ట్రావెల్ డాక్యుమెంట్ ఉంది. దానికి ఐ-131 ఇక్కడ ఉండగానే వేయాలి, ఆ డాక్యుమెంట్ ఏడాదే చెల్లుతుంది.

మిల్వాకీ భాయ్

అక్కా, మా దగ్గర కొందరు మూడో దేశంలో కలుసుకుంటారు. అమ్మగారు ఇండియన్ కాబట్టి నేపాల్‌కి వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్లినా పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు సరిపోతుంది. అన్నకి మాత్రం ఆ ట్రావెల్ డాక్యుమెంట్ మీద ఏ దేశం వీసా ఇస్తుందో ముందే కనుక్కోవాలి, అన్ని దేశాలూ ఇవ్వవు. నడవలేని మనిషిని తీసుకెళ్లడం తేలిక కాదు, తెలుసు. తోడుగా ఒకరు ఉండాలి. కానీ ఆయన విజయవాడ వెళ్లడం కంటే ఆమెని బయటికి తేవడం మీ ముగ్గురి కేసుకీ క్షేమం.

అనువాదాల రాజు

డాక్యుమెంట్ల గురించి ఎవరూ రాయలేదు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, 'నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తి, సరైన అనువాదం' అని అనువాదకుడి సంతకం ఉండాలి. నోటరీ అక్కర్లేదు. జనన ధ్రువీకరణ పత్రం లేనివాళ్లు మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి 'రికార్డు లేదు' అనే పత్రం, పదో తరగతి మార్కుల మెమో, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్ పెట్టండి. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది మన ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఒకలా, మెమోలో పొడి అక్షరంగా, ఐ-94లో ఇంకోలా ఉంటుంది. ఐ-485లో 'వాడిన ఇతర పేర్లు' అన్నచోట ఆ రకాలన్నీ రాసేయండి. ఇల్లు మారితే పది రోజుల్లో ఏఆర్-11 (అడ్రసు మార్పు ఫారం) వేయాలి, బయోమెట్రిక్స్ (వేలిముద్రలు) నోటీసు పాత ఇంటికి వెళ్తే అదో గొడవ.

కృష్ణలంక

లాయరుతో మాట్లాడాం. ఆవిడా ఇదే చెప్పారు, ఎన్-400 వెనక్కి తీసుకునే ఉత్తరం ఈ వారమే పంపుతున్నారు. మా వారు 'ఇన్నేళ్లు మీరు నాకోసం అక్కడ ఆగారు, ఇప్పుడు నా వంతు' అన్నారు. మా ఇద్దరి ఐ-485లు మెడికల్ కాగానే వేస్తాం. అత్తయ్య సంగతి మా ఆడపడుచుతో మాట్లాడుతున్నాం.

తెనాలి వాళ్లు మొదట మొహం మాడ్చుకున్నారు. అబ్బాయే వాళ్ల నాన్నగారికి నచ్చజెప్పాడు, మంచి పిల్లాడు. వైశాఖంలో పెళ్లి బదులు నిశ్చయ తాంబూలాలు మార్చుకుందామంటున్నారు, వీడియో కాల్‌లో. ఉంగరం కూడా కొరియర్‌లో పంపుతారట. ఇది ఫర్వాలేదా? ఇంకేమైనా మెలిక ఉందా?

ఫైలుపురుగు

తాంబూలాలకి ఐ-485లో గడి లేదండీ. నిశ్చితార్థం పెళ్లి కాదు, హాయిగా చేసుకోండి. మారిటల్ స్టేటస్ దగ్గర 'సింగిల్' అనే రాయాలి. పురోహితుడు గారికి మాత్రం ముందే చెప్పండి, ఉత్సాహంలో మాంగల్యధారణ మంత్రం దాకా వెళ్లిపోకుండా.

ఫ్రీమాంట్ అత్తయ్య

ఉంగరం కొరియర్‌లో వద్దమ్మా. నేను వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాను, నా చేతికిస్తే తెచ్చిపెడతాను.